ముఖానికి పెట్టే ఖర్చు నీడకు పెట్టండి: చెన్నైలో యూనివర్సిటీ భవనం డిజైన్ చేయడం ఎలా?

మీరు చెన్నైలో ఓ విద్యాసంస్థ బిల్డింగ్ కమిటీలో ఉన్నారనుకుందాం. లేదా ఆర్కిటెక్చర్ చదివి అడయారులోనో టీ నగర్‌లోనో ఓ ఆఫీసులో చేరారు, మొదటిసారి ఓ యూనివర్సిటీ బ్లాకు పని మీ చేతికి వచ్చింది. మొదటి మీటింగ్‌లోనే ఈ మాట వింటారు: "మన సంస్కృతి కనపడాలండీ, పిల్లలకు చూడగానే ఉత్సాహం రావాలి." అన్నవాళ్ళ ఉద్దేశం మంచిదే. చిక్కంతా ఆ వెంటనే వచ్చే రెండో మాటతో: "ముందు ఎలివేషన్ చూపించండి," అంటే బయటి నుంచి కనపడే ముఖం బొమ్మ. అక్కణ్ణుంచి డబ్బంతా రోడ్డు వైపు గోడ మీదికి పోతుంది. ఫైబర్‌తో పోతపోసిన గోపురాలు వస్తాయి, అద్దాల గోడకు అతికించిన ఆర్చీలు వస్తాయి. లోపల మాత్రం ఎనిమిదడుగుల కారిడారు, దానికి రెండు వైపులా గదులు, పట్టపగలు ట్యూబులైట్లు.

చెన్నైలాంటి ఊళ్ళో పాతవాళ్ళు మనకిచ్చిన అసలు ఆస్తి నీడ. లోతైన వసారా, దళసరి గోడ, ముంగిట అరుగు, మధ్యలో లోగిలి: వీటి మీదే పాత భవనాలన్నీ నడిచాయి. పిల్లలు ఆగి మాట్లాడుకునేదీ, ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునేదీ అక్కడే. కాబట్టి ముఖానికి అనుకున్న ఖర్చు తీసి నీడకు పెట్టండి. ఎలా పెట్టాలో వరసగా చెప్తాను.

ముందు టేపు పట్టుకుని ఊరు తిరగండి

కంప్యూటర్ తెరవకముందే రెండు మూడు వారాలు దీనికి కేటాయించండి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. కొలతలు ముఖ్యం.

మొదట మెరీనా దగ్గరి సెనేట్ హౌస్‌కు వెళ్ళండి. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఫెలోస్ చిషోమ్ దాని కోసం ఈ సెనేట్ హౌస్‌ను 1874–79 మధ్య కట్టాడు. అదే రోడ్డు మీదున్న ప్రెసిడెన్సీ కాలేజీ కూడా ఆయనదే, దీనికంటే ముందుది. అక్కడ ఇటలీ పద్ధతి కనిపిస్తుంది. సెనేట్ హౌస్‌కు వచ్చేసరికి చెయ్యి తిరిగింది. పక్కనే 1768లో ఆర్కాటు నవాబు కోసం కట్టిన చేపాక్ ప్యాలెస్ ఉంది. దాన్ని చూసి నేర్చుకున్నవీ, బైజాంటియమ్ (పాత తూర్పు రోమన్ రాజ్యం) వైపు నుంచి తెచ్చుకున్నవీ, ఈ దేశపు శిల్పుల చేతిపనీ అన్నీ కలిపాడు. ఆ తరవాత ఇండో సారసెనిక్ పేరుతో ఊరంతా వ్యాపించిన పద్ధతికి ఇది తొలి మెట్లలో ఒకటి.

మన కమిటీలు సాధారణంగా ఆ గుమ్మటాలనే ఏరుకుంటాయి. మీరు ఏరుకోవలసింది గుమ్మటాల కింద ఉంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి, ఎండ గోడ మీద ఎక్కడ ఆగిందో చూడండి. వసారా లోతెంత, నేల నుంచి కప్పు ఎంత ఎత్తు, కిటికీ గడప మీద మనిషి కూర్చోగలడా, ఎండలోంచి నీడలోకి అడుగుపెట్టాక కళ్ళు సర్దుకోవడానికి ఎన్ని అడుగులు నడిచారు: ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. దొరక్కపోయినా బయటి కొలతలే చాలా చెప్తాయి.

తర్వాత గిండీ. 1794లో సర్వే స్కూలుగా మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ 1920లో అక్కడికి మారింది. ఆ ఎర్ర భవనం ముందు సాయంత్రం ఓ గంట కూర్చోండి. విద్యార్థులు ఏ మెట్టు మీద ఆగుతున్నారో, ఏ మెట్టు దాటి పోతున్నారో లెక్కపెట్టండి. తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి కూడా వెళ్ళండి. 1937లో అక్కడికి మారిన ఆ కాలేజీ చుట్టూ ఉన్న చిట్టడవి, ఆ హాళ్ళ మధ్య నడిచే దారులు క్యాంపస్ అంటే భవనాల లెక్క ఒక్కటే కాదని చూపిస్తాయి.

ఎగ్మోరు మ్యూజియం మాత్రం తెలుగువాళ్ళం తప్పకుండా చూడాలి. అమరావతి శిల్పాలు అక్కడున్నాయి. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన పద్మాలను దగ్గరికి వెళ్ళి చూడండి. చెక్కడం లోతు చాలా తక్కువ, కొన్ని చోట్ల వేలిగోరు మందమే. వెలుతురు పక్క నుంచి పడితే ప్రతి రేకూ విడివిడిగా లేస్తుంది. ఎదురుగా లైటు వేస్తే రాయి చదునుగా కనిపిస్తుంది. మీ భవనంలో చెక్కడం ఏదైనా పెట్టాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. రోడ్డు వైపు నెత్తిన పెట్టిన శిల్పం మధ్యాహ్నపు ఎండలో చచ్చిపోతుంది. వసారా చివర, పక్క వెలుతురు తగిలే స్తంభం మీద, మనిషి కంటి ఎత్తులో పెట్టిన చిన్న పద్మం వందేళ్ళు మాట్లాడుతుంది.

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులోని దక్షిణచిత్రకు కూడా ఓ రోజు కేటాయించండి. 1996లో తెరిచిన ఆ ప్రాంగణంలో దక్షిణాది రాష్ట్రాల ఇళ్ళు ఉన్నాయి. ఇకత్ నేత కుటుంబం ఇల్లు, ఉత్తరాంధ్ర గుండ్రటి మట్టి ఇల్లు కూడా ఉన్నాయి. చూరు ఎంత కిందికి దిగిందో, లోపలికి వెళ్ళేటప్పుడు తల వంచాలో అక్కర్లేదో కొలవండి. వీలైతే బెంగళూరు వెళ్ళి బన్నేరుఘట్ట రోడ్డు ఐఐఎం చూసి రండి. బాలకృష్ణ దోషి ఫతేపూర్ సిక్రీ నుంచి స్ఫూర్తి పొంది డిజైన్ చేసిన ఆ ప్రాంగణంలో గుమ్మటం ఒక్కటీ కనిపించదు. ఊరి బూడిదరంగు గ్రానైటు, పొడవాటి వసారాలు, పైన పందిళ్ళు, వాటి మధ్య లోగిళ్ళు. వారసత్వాన్ని అతికించకుండా ఎలా మోయవచ్చో ఆ ఒక్క చోట రోజంతా నడిస్తే అర్థమవుతుంది.

స్థలాన్ని చదవండి

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. దీనివల్ల ఓ సంగతి చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఢిల్లీ పుస్తకాలు చదివి "ఉత్తరపు కిటికీకి సన్‌షేడ్ అక్కర్లేదు" అంటే ఇక్కడ కుదరదు. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 80 డిగ్రీల ఎత్తులో ఉంటాడు గనక ఉత్తరాన అడుగు సన్‌షేడ్ చాలు. కానీ ఉదయం, సాయంత్రం వాలుగా వచ్చే ఎండకు కిటికీ పక్కన నిలువు రెక్కలు కావాలి. దక్షిణాన లెక్క వేరు. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు 53 డిగ్రీల చిల్లరకు దిగుతాడు. అయిదడుగుల ఎత్తు కిటికీ మొత్తం నీడలో ఉండాలంటే దాదాపు 3.7 అడుగుల సన్‌షేడ్ కావాలి. మామూలుగా వేసే రెండడుగుల షేడ్‌తో సగమే నీడ.

సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. ఎండాకాలంలో అది ఏ పూట ఎన్నింటికి మొదలైందన్న దాని మీదే ఆ రోజు ఎలా గడిచిందో తేలుతుంది. కాబట్టి తూర్పు తెరిచి ఉండాలి. పొద్దుటి ఎండా తూర్పు నుంచే వస్తుంది, ఈశాన్య రుతుపవనాల జడివానా ఆ వైపు నుంచే కొడుతుంది. గాలి కావాలి, ఎండ వద్దు, వాన వద్దు. ఈ మూడింటికీ కలిపి పెద్దలు కనిపెట్టిన జవాబు లోతైన వసారా. పడమటి వైపు టాయిలెట్లు, స్టోరు, మెట్లు పెట్టి దళసరి గోడ కట్టండి. చదువుకునే గదిని పడమటి ఎండకు అప్పగించొద్దు.

వానకు ఓ చిన్న లెక్క వేయండి. చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్లు పడుతుంది, ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. పదివేల చదరపు అడుగుల కప్పు మీద అది దాదాపు 13 లక్షల లీటర్లు. ఒక్క రోజు 100 మిల్లీమీటర్లు పడితే 90 వేల లీటర్ల పైమాట. తమిళనాట వాన నీటి సేకరణ 2003 నుంచే తప్పనిసరి. దాన్ని భూమిలో పాతిన పైపుగా కనపడకుండా దాచేయకండి. కప్పు నుంచి దిగే నీళ్ళు లోగిలిలోని రాతి తొట్టిలో పడి, అక్కణ్ణుంచి బావికి పోయేలా చూపించండి. వాన పడ్డ రోజు ఆ తొట్టి చుట్టూ పిల్లలు చేరతారు. సివిల్, ఎన్విరాన్‌మెంట్ విద్యార్థులకు అదే పాఠం కూడా.

2015 డిసెంబరు వరదలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పక్కనున్న టీ కొట్టువాళ్ళను, వాచ్‌మన్లను అడగండి. గోడల మీద చార కొన్ని చోట్ల ఇంకా ఉంటుంది. ఆ చారకు పైన బేస్‌మట్టం పెట్టండి. కరెంటు ప్యానెళ్ళు, జనరేటరు, లైబ్రరీ పాత పుస్తకాలు అంతకంటే ఎత్తులో ఉండాలి. బేస్‌మట్టం మూడడుగులు లేస్తే ర్యాంపు పన్నెండుకు ఒకటి వాలుతో కనీసం 36 అడుగుల పొడవు, మధ్య మధ్య ఆగే చోట్లు అదనం. ఆ ర్యాంపును వెనక జనరేటరు పక్కకు తోయకండి. ముఖద్వారం దారే ర్యాంపు కానివ్వండి, అందరూ దాని మీదే నడుస్తారు.

స్థలంలో ఉన్న చెట్లను సర్వే ప్లాన్‌లో కాండంతో పాటు కొమ్మలు ఎంత దూరం పరుచుకున్నాయో కూడా గీయించండి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను ఈ ఊళ్ళో వేల చెట్లను పడగొట్టింది. వేర్ల చుట్టూ సిమెంటు బిగించిన చెట్టు గాలికి నిలబడటం కష్టం. వేప, కానుగ, మర్రి, పొన్న లాంటివి నాటి, వేర్లకు చోటు వదలండి.

పిల్లలను "ఎలాంటి భవనం కావాలి" అని అడగొద్దు

అలా అడిగితే ఇంటర్నెట్‌లో చూసిన ఫొటో చెప్తారు. "నిన్న సాయంత్రం నాలుగింటికి ఎక్కడ కూర్చున్నావమ్మా?" అని అడగండి. క్యాంపస్ మ్యాపు చేతికిచ్చి చుక్క పెట్టమనండి. జిరాక్స్ షాపు పక్క గోడ, క్యాంటీన్ వెనక వేపచెట్టు, పార్కింగ్ దగ్గరి మెట్లు: చుక్కలన్నీ వీటి మీదే పడతాయి. మీరు డిజైన్ చేసిన లాంజ్‌లో ఒక్కటి పడితే ఎక్కువ. ఆ చుక్కల దగ్గరికి వెళ్ళి ఏముందో చూడండి. నీడ ఉంటుంది, వీపు ఆనించుకోవడానికి గోడ ఉంటుంది, దారిన పోయేవాళ్ళు కనపడతారు, ప్లగ్ పాయింటు దగ్గర్లో ఉంటుంది. అమ్మాయిలను విడిగా అడగండి: చీకటి పడ్డాక ఏ దారిన వెళ్ళరు, ఏ టాయిలెట్ వాడరు, ఎందుకు. ఊడ్చే ఆయాలనూ సెక్యూరిటీ వాళ్ళనూ అడగండి. ఏ మూల ఎప్పుడు ఖాళీగా ఉంటుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇప్పుడు గదుల జాబితా రాసేటప్పుడు ఓ పని చేయండి. కూర్చునే ప్రతి చోటుకూ గది నంబరు ఇవ్వండి. "114: కిటికీ అరుగు, ఇద్దరికి. 115: మెట్ల మలుపు, ఆరుగురికి, బ్లాక్‌బోర్డుతో." నంబరు ఉన్నదానికి డ్రాయింగులో చోటు ఉంటుంది, ఎస్టిమేట్‌లో లైను ఉంటుంది, తీసేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నంబరు లేనిది చప్పుడు లేకుండా పోతుంది. ఇది నేను ప్రతి ప్రాజెక్టులోనూ పట్టుబట్టి చేయించే పని.

తాము కూర్చునే, తిరిగే చోట్ల మీద పిల్లలకుండే ప్రేమ ఎంత దూరం పోతుందో ఈ ఊరికి తెలుసు. 2003లో 1914 నాటి క్వీన్ మేరీస్ కాలేజీని కూల్చి అక్కడ సచివాలయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి విద్యార్థినులే కూర్చుని పోరాడారు. ప్రతిపాదన ఆగిపోయింది. ఆ అమ్మాయిలు కాపాడుకున్నది తాము రోజూ తిరిగిన వసారాలను, చెట్లను.

ప్లాను కంటే ముందు సెక్షన్ గీయండి

నిలువుగా కోసి చూపించే బొమ్మ గీస్తే నీడ, గాలి, వెలుతురు ఒక్కసారి కనిపిస్తాయి. ఎలివేషన్ అడిగినవాళ్ళకు కూడా ఇదే చూపించండి, అందులో మనుషులను గీసి.

వసారా పదడుగులకు తగ్గొద్దు. ఆరడుగులు నడవడానికి, మిగతాది కూర్చోవడానికి. దూలం కింది అంచు తొమ్మిదడుగుల ఎత్తులో ఉంటే, మార్చి సెప్టెంబరు నెలల్లో తూర్పు వసారాలో పొద్దున తొమ్మిదిన్నర దాటాక గది గోడకు ఎండ తగలదు. దక్షిణపు వసారాలో డిసెంబరు మధ్యాహ్నం కూడా తగలదు. ఎనిమిదడుగులకు కుదించమంటే ఈ లెక్క చూపించండి.

అరుగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాని కొలత తప్పితే ఎవరూ కూర్చోరు. ఎత్తు 17 అంగుళాల దరిదాపుల్లో ఉండాలి. లోతు 30 అంగుళాలు ఉంటే బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోవచ్చు, మధ్యాహ్నం ఓ పావుగంట ఒరగనూ వచ్చు. 18 అంగుళాల లోతు పెడితే బస్టాపు బెంచీ అవుతుంది, రెండు నిమిషాలకు లేచిపోతారు. అంచు గుండ్రంగా తిప్పించండి, తొడ వెనక కోసుకోకుండా. వెనక గోడ మీద మోకాలి ఎత్తులో ప్లగ్ పాయింటు. నాలుగైదు అరుగులకు ఒక చోట మంచినీళ్ళు. వాన తడి నిలవకుండా నేలకు బయటివైపు వాలు.

క్లాస్‌రూములు వసారాకు ఒకే వైపు ఉండాలి, రెండు వైపులా కిటికీలతో. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల లోతు దాకానే పక్క వెలుతురు అందుతుంది. ఆ అంచు తొమ్మిదడుగుల ఎత్తులో ఉంటే పద్దెనిమిది నుంచి ఇరవై రెండడుగులు. గది 24 అడుగుల వెడల్పు ఉంటే రెండో వైపు నుంచీ వెలుతురు రావాలి. కప్పు ఎత్తు పదమూడు అడుగులు పెట్టి, ఫ్యాను పొడవాటి రాడ్‌తో కిందికి దించండి. వేడి గాలి పోవడానికి కప్పు దగ్గర గవాక్షాలు వదలండి. ల్యాబులు, ఆడిటోరియం, సర్వర్ గది ఏసీకి ఇవ్వండి, క్లాసులు ఫ్యాను మీద నడవనివ్వండి. గట్టి గోడలు, గట్టి నేల ఉన్న గదిలో మాట మోగుతుంది. గోడ పైభాగంలో గానీ కప్పుకు గానీ శబ్దం పీల్చే బోర్డు వేయించండి. వెనక బెంచీకి మాస్టారి మాట వినపడకపోతే ఎంత గొప్ప గదైనా వృథా.

లోగిలి వెడల్పు చుట్టూ ఉన్న గోడల ఎత్తుకు దగ్గరగా ఉంటే చాలావరకు నీడ నిలుస్తుంది. మూడంతస్తులకు నలభై అడుగులు. మొత్తం రాయి పరిచేయొద్దు, రాత్రిదాకా వేడి కక్కుతుంది. చెట్టుకు మట్టి వదిలి, నడిచే దారి మేరకు రాయి వేయండి.

ఇక అసలు గండం ఎస్టిమేట్ మీటింగ్. ఖర్చు తగ్గించాలనగానే మొదట పోయేది వసారానే. "దాంట్లో గది లేదు కదా" అంటారు. దీనికి ఒకటే ఉపాయం: లోపల వేరే కారిడారు గీయకండి. వసారానే క్లాసులకు వెళ్ళే ఏకైక దారి కావాలి, మంటలొచ్చినప్పుడు బయటపడే దారీ అదే కావాలి. అప్పుడు దాన్ని తీసేస్తే భవనమే నడవదు, మరీ కుదించాలన్నా ఫైర్ నిబంధనలు అడ్డొస్తాయి. అలంకారంగా పెట్టిన వసారా నిలవదు, పని చేసే వసారా నిలుస్తుంది. ఏసీ కారిడారుకయ్యే కరెంటు మిగులు కూడా లెక్కకట్టి పెట్టుకోండి. విస్తీర్ణం లెక్కలో వసారా ఎలా వస్తుందో సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) నిబంధనల్లో మొదటి వారంలోనే చూసుకోండి.

రాయి, సున్నం, పెంకు

పాత మద్రాసు ఇళ్ళ కప్పును మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువు అంచున, ఏటవాలు వరసల్లో డంగు సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు వేసి, చెక్కలతో రోజుల తరబడి దిమ్మిస కొట్టి, ఆపైన పలచటి పెంకులు పరిచేవారు. ఈరోజు అంత టేకు తేలేం, తేనక్కర్లేదు. కానీ ఆ కప్పు పై సగం ఇంకా బతికే ఉంది. చెన్నైలో ఆర్‌సీసీ స్లాబు మీద మూడంగుళాల ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, దాని మీద ఎర్ర పెంకులు వేసే పద్ధతి ఇప్పటికీ మేస్త్రీలకు తెలుసు. కింది అంతస్తుకు వేడి దిగకుండా ఆపేది అదే. దాని బదులు తెల్ల పెయింటు కొట్టి సరిపెట్టొద్దు.

ఆ పని జరిగే రోజు మీరు సైటులో ఉండాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పులవాలి, ఆ నీళ్ళు చల్లుతూ కొట్టాలి. మా సైటులో నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఒకాయన డ్రమ్ములో చెయ్యి ముంచి వాసన చూసి, "ఇంకా పులవలేదు సార్, రేపు చూద్దాం" అని పని ఆపేశాడు. కాంట్రాక్టరు విసుక్కున్నాడు గానీ ఆపడమే సరైన పని. మీ టైమ్‌టేబుల్లో ఇలాంటి రోజులకు చోటు పెట్టండి. సున్నపు పని ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ముగిసేలా చూసుకోండి. అక్టోబరులో మొదలుపెడితే వాన పాడుచేస్తుంది.

మద్రాసు చునం పేరు వినే ఉంటారు. సముద్రపు గవ్వలు, గుల్లలు కాల్చిన సున్నాన్ని మెత్తగా నూరి, కోడిగుడ్డు తెల్లసొన, పెరుగులాంటివి చేర్చి, పొర మీద పొర పూసి నున్నటి రాయితో రుద్దితే పాలరాయిలా మెరుస్తుంది. భవనమంతా అది చేయించడం అయ్యే పని కాదు. ముఖద్వారం లోపల, చెయ్యి తగిలే ఎత్తులో ఒక్క గోడ చేయించండి. ప్రతి పిల్లా పిల్లాడూ పోతూ పోతూ దాన్ని తాకుతారు. సున్నపు గోడ మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేయనివ్వకండి, లోపలి తడి బయటికి రాలేక పొట్టు లేస్తుంది.

నేలకు ఆత్తంగుడి పెంకులు చాలా అందంగా ఉంటాయి. గాజు పలక మీద అచ్చు పెట్టి రంగు సిమెంటు పోసి, ఇసుక సిమెంటు కప్పి, నీళ్ళలో నానబెట్టి తీస్తారు. గాజు నునుపే పెంకుకు వస్తుంది. శివగంగ జిల్లాలోని ఆ ఊరికి వెళ్ళి ఆర్డరివ్వండి, పిల్లలనే డిజైన్ గీయమనండి. కానీ అవి లోపలికే. వాన తగిలే చోట జారతాయి. వసారాలకు, అరుగులకు మన కడప బండ, బేతంచర్ల బండ బాగుంటాయి. పాలిష్ లేకుండా గరుకుగా వేయించండి. ఎండలో కడప నలుపు కాలు పెట్టనివ్వదు, నీడలో చల్లగా ఉంటుంది. అంటే అది కూడా నీడకోసం పుట్టిన రాయే.

ఆర్‌సీసీ విషయంలో రాజీ వద్దు. ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఇనుము మీద కాంక్రీటు మందం, ఉండాలి. పోత ముందు కవర్ బ్లాకులు మీరే స్వయంగా చూడండి. ఏసీ బయటి యూనిట్లకు, పైపులకు మొదటి డ్రాయింగులోనే వెనకవైపు చోటు పెట్టండి. లేకపోతే రెండేళ్ళలో మీ ఆర్చీ మీదే బిగిస్తారు.

పేర్లు, లిపులు, జ్ఞాపకం

ఇక్కడ తక్కువ చేస్తే మంచిది. మద్రాసు విశ్వవిద్యాలయం ఒకప్పుడు దక్షిణాది అంతటికీ పెద్ద దిక్కు. 1916లో మైసూరు, 1926లో ఆంధ్ర, 1929లో అన్నామలై విశ్వవిద్యాలయాలు వచ్చేదాకా మన తాతలు కూడా పరీక్షలు ఇక్కడికే రాశారు. బ్రౌన్ దొర సేకరించిన తెలుగు తాళపత్రాలు ఈనాటికీ ఈ ఊళ్ళోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కాబట్టి వారసత్వం అన్నప్పుడు తమిళం మొదటి స్థానంలో ఉండాలి, దాని పక్కన తెలుగు, కన్నడ, మలయాళం, ఉర్దూ ఉండాలి. గుమ్మాల పక్కన రాతి మీద ఆ గదిలో చదివే శాస్త్రానికి సంబంధించిన ఒక్క పదం, ఈ లిపులన్నిటిలో, రెండంగుళాల అక్షరాలతో చెక్కించండి. పక్క వెలుతురు ఉన్న చోట. అక్షరాల నమూనా రాసేవాళ్ళు ఆ భాష వచ్చినవాళ్ళే కావాలి. వత్తు తప్పిన రాయి జన్మంతా అలాగే ఉంటుంది.

దాతల పేర్లు ఉంటాయి, తప్పదు. వాటికి ఒక గోడ ఇవ్వండి. తాపీ మేస్త్రీలు, రాయి చెక్కినవాళ్ళు, పెంకులు పోసిన ఊరు, వీళ్ళ పేర్లూ అదే గోడ మీద, అదే సైజులో ఉండాలి. ప్రతి అంతస్తులో ఒక గోడ మాత్రం ఖాళీగా, బ్లాక్‌బోర్డు పూతతో పిల్లలకు వదిలేయండి. మీ తరం చెప్పాల్సింది చెప్పేశాక వాళ్ళకూ చోటు మిగలాలి.

కట్టేముందు ఒక ముక్క కట్టి చూడండి

సైటులోనే ఓ మూల వసారా ఒక్క అంకణం నిజం కొలతలతో కట్టించండి. స్తంభం, అరుగు, కప్పు అంచు, నేల, గోడపూత, అన్నీ. దానికయ్యే ఖర్చు మొత్తంలో లెక్కలోకి రాదు. కమిటీ మీటింగ్ ఓ మే మధ్యాహ్నం అందులోనే పెట్టండి. విద్యార్థులను పిలిచి వారం రోజులు వాడమనండి. అరుగు ఎత్తు అంగుళం మారాలో, దూలం కిందికి దిగాలో అక్కడే తేలిపోతుంది. ఓ వానాకాలం కూడా దాని మీదుగా పోతే ఇంకా మంచిది.

అనుమతుల సంగతి క్లుప్తంగా: పాత భవనం పక్కన కడుతుంటే వారసత్వ కట్టడాల అనుమతులు చూసేవాళ్ళను ముందే కలవండి. పురావస్తు శాఖ రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతి మీద. మెరీనా దగ్గర తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయి. వీటిని డిజైన్ అయ్యాక చూసుకుందామంటే డిజైన్ మళ్ళీ మొదటికొస్తుంది.

భవనం అప్పగించే రోజు తాళాలతో పాటు ఒక పుస్తకం ఇవ్వండి. సున్నపు పూతలో పాళ్ళు ఎంత, కరక్కాయ నీళ్ళు ఎన్నాళ్ళు పులవాలి, పెంకు ఏ ఊరిది, బండ ఏ క్వారీది, పని చేసిన మేస్త్రీ ఎవరు, వాన ముందు ఏ గొట్టాలు శుభ్రం చేయాలి, సున్నం మళ్ళీ ఎప్పుడు వేయాలి, అన్నీ తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో. మెయింటెనెన్స్ కోసం ఏటా ఎంత పక్కన పెట్టాలో కమిటీ చేత తీర్మానం రాయించి మొదటి పేజీలో అతికించండి. ఏడాది తిరిగాక అదే మ్యాపు మళ్ళీ పట్టుకెళ్ళి పిల్లలను చుక్కలు పెట్టమనండి. చుక్కలు పడని అరుగులు ఏవో చూసి, అక్కడ నీడ లేదా, ఫ్యాను లేదా, ప్లగ్ పనిచేయడం లేదా కనుక్కుని, రెండో ఏడాది బడ్జెట్‌లో సరిచేయించండి.